కౌంటు పడిపోయిన రోజుల్లో

(షోలాపూర్ తూర్పు పేటలో జరిగిన మిల్లు, సాంచాల, బీడీ మహిళా కార్మికుల సభలో, ఒక నూలు మిల్లులో కోన్ వైండింగ్ ఖాతాలో పనిచేస్తున్న సోదరి చేసిన ప్రసంగ పాఠం ఇది. సభకు రాలేకపోయిన వారి కోసం ప్రచురిస్తున్నాం.)



నేను ఉపన్యాసాలు ఇచ్చే మనిషిని కాదు. ఇరవై రెండేళ్లుగా మెషిను ముందు నిలబడి తెగిన దారం ముడివేసే మనిషిని. అక్కడ మాట్లాడినా వినపడదు కాబట్టి మాట్లాడే అలవాటు తప్పింది. ఎక్కడైనా తడబడితే సర్దుకోండి.

కౌంటు అంటే మనందరికీ తెలిసింది నూలు కౌంటు. ఇరవై కౌంటు ముతక, అరవై కౌంటు సన్నం. 2018లో నాకు రొమ్ము క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్ అయింది. తర్వాత కీమో మొదలుపెట్టారు. అప్పుడు ఇంకో కౌంటు గురించి తెలిసింది. అది రక్తం కౌంటు. నూలు కౌంటు తప్పితే మాల్ వెనక్కి వస్తుంది. రక్తం కౌంటు తప్పితే మనిషే వెనక్కి రాకపోవచ్చు. ఈ రోజు చెప్పబోయేది అదొక్కటే.

మన ఆడవాళ్లకు రొమ్ములో గడ్డ అని చెప్పుకోవడమే సిగ్గు. చెప్పుకున్నాక ఆపరేషన్ అంటే భయం. ఆపరేషన్ అయ్యాక జుట్టు ఊడుతుందని ఏడుపు. నేనూ ఏడ్చాను. కానీ జుట్టు తిరిగి వచ్చింది. కంటికి కనపడని రక్తం కౌంటు గురించి మాత్రం ఎవరూ భయపడరు. నిజానికి జాగ్రత్తగా ఉండాల్సింది అక్కడే.

మూలుగ కూడా ఒక ఖాతాయే

రక్తం ఎక్కడ తయారవుతుంది? ఎముకల లోపలి మూలుగలో. డాక్టర్లు మజ్జ అంటారు. అది మూడు పాళీలు నడిచే ఖాతా. అక్కడ మూడు రకాల మాల్ తయారవుతుంది. ఒకటి ఎర్ర కణాలు. ఊపిరిలోని ప్రాణవాయువును ఒంట్లో అన్ని చోట్లకూ మోస్తాయి. రెండు తెల్ల కణాలు. ఒంట్లోకి వచ్చిన సూక్ష్మక్రిములతో పోరాడతాయి. వాటిలో ముందు వరసలో నిలబడేవాటిని న్యూట్రోఫిల్స్ అంటారు. మూడు ప్లేట్‌లెట్లు. దెబ్బ తగిలినప్పుడు రక్తం గడ్డకట్టేలా చేస్తాయి.

కీమో మందుకు క్యాన్సర్ కణం ఏది, మన కణం ఏది అని తెలియదు. వేగంగా పెరిగే ప్రతి కణాన్నీ కొడుతుంది. క్యాన్సర్ గడ్డ వేగంగా పెరుగుతుంది కాబట్టి దాన్ని కొడుతుంది. జుట్టు కుదుళ్లు, నోటి లోపలి పొర, మూలుగ కూడా వేగంగా పనిచేస్తాయి కాబట్టి వాటినీ కొడుతుంది. అందుకే జుట్టు ఊడుతుంది, నోరు పూస్తుంది, రక్తం తగ్గుతుంది.

మరి సూది ఎక్కించిన మర్నాడే కౌంటు ఎందుకు పడదు? మిల్లులో స్పిన్నింగ్ ఆగిపోయినా గోదాములో ఉన్న నూలుతో కొన్నాళ్లు సాంచాలు నడుస్తాయి కదా, అలాగే. ఎర్ర కణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. ప్లేట్‌లెట్ ఏడు నుంచి పది రోజులు. న్యూట్రోఫిల్ రక్తంలో ఒకటి రెండు రోజులు ఉంటే ఎక్కువ. అందుకే ముందు తరిగేవి తెల్ల కణాలు. మూడు వారాలకొకసారి ఇచ్చే కీమోలో సాధారణంగా ఏడో రోజుకూ పద్నాలుగో రోజుకూ మధ్య కౌంటు అట్టడుగుకు పోతుంది. తర్వాత మూలుగ కోలుకుని, ఇరవై ఒకటో రోజుకు మళ్లీ మామూలుకు వస్తుంది. రెండు కీమోల మధ్య మూడు వారాలు ఆగడానికి ఒక ముఖ్య కారణం ఇదే. వారం వారం ఇచ్చే మందులో ఈ పడిపోవడం కొంత తక్కువగా ఉంటుంది.

అయితే గమనించండి. కీమో ఎక్కించిన రోజు అందరూ మన చుట్టూ ఉంటారు. అత్త ఉంటుంది, ఆడబిడ్డ వస్తుంది, కొబ్బరి బొండాలు తెస్తారు. మూడో రోజుకు వాంతులు తగ్గుతాయి. ఐదో రోజుకు లేచి వంట చేస్తాం. వారానికి చుట్టాలు ఊళ్లకు పోతారు. పదో రోజున మనిషి బాగానే కనిపిస్తుంది, లోపల మాత్రం గోదాము ఖాళీ. ఆ రోజే ఇంట్లో ఎవరూ ఉండరు.

నా పదో రోజు

నాకు రెండో కీమో మంగళవారం ఎక్కించారు. తర్వాతి వారం గురువారం, అంటే పదో రోజు సాయంత్రం చలి పుట్టింది. మా ఆయన రాత్రి పాళికి సాంచాల మీదికి పోయాడు. పిల్లలకు చెబితే భయపడతారని చెప్పలేదు. డబ్బాలో ఉన్న జ్వరం మాత్ర వేసుకున్నాను. చెమట పట్టి తగ్గింది. మళ్లీ అర్ధరాత్రి వచ్చింది. మళ్లీ మాత్ర. తెల్లవారుజామున ఇంకోటి. "మాత్రకు తగ్గుతోంది కదా, మామూలు జ్వరమే" అనుకున్నాను.

పొద్దున మా ఖాతాలో పనిచేసే చెల్లెలు ఒకామె, అందరూ చందా వేసుకున్న డబ్బు ఇవ్వడానికి వచ్చింది. ఆమె తల్లిని ఇదే జబ్బుతో ముంబైకి తీసుకుపోయి తిరిగిన మనిషి. నా చెయ్యి పట్టుకుని చూసి, "అక్కా, కీమో ఎన్నో రోజు?" అని అడిగింది. పదకొండు అన్నాను. అంతే. డబ్బు సంగతి మరిచిపోయి బయటికి పరుగెత్తి ఆటో తెచ్చింది. నేను చీర మార్చుకుంటానన్నా వినలేదు.

దవాఖానకు పోయేసరికి బీపీ బాగా పడిపోయింది. తెల్ల కణాలు 1100 ఉన్నాయి. వాటిలో న్యూట్రోఫిల్స్ నూటికి 18. అంటే 198. ఉండాల్సినవి కనీసం 1500. గంట లోపలే నరంలోంచి యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. ఆరు రోజులు ఉంచుకున్నారు. "మధ్యాహ్నం దాకా ఆగి ఉంటే మేం చేయగలిగింది తక్కువ" అని డాక్టరమ్మ తర్వాత చెప్పింది.

ఇందులో నాకు బాధ కలిగించే సంగతి ఇంకోటి ఉంది. మొదటి కీమో రోజునే దవాఖానలో ఒక కాగితం ఇచ్చారు. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే వెంటనే రావాలని దాని మీద అచ్చయి ఉంది. ఇంగ్లీషులో. ఆ కాగితం నా ఫైలులోనే, నా తలాపునే ఉంది. నేను మున్సిపల్ బడిలో ఏడో తరగతి తెలుగులో చదివాను. మరాఠీ మాట్లాడతాను. ఇంగ్లీషు రాదు. నా ప్రాణం కాపాడే మాట నా తల కిందే ఉండి నాకు తెలియలేదు.

మా మిల్లులోనే రీలింగ్ ఖాతాలో ఒక అక్క ఉండేది. ఆమెకూ ఇదే జబ్బు, ఇదే మందు. ఆమెకూ జ్వరం వచ్చింది. పొద్దున చూద్దామని పడుకుంది. ఆ అక్క ఈ రోజు ఈ సభలో లేదు. ఆమె క్యాన్సర్‌తో పోయిందని అందరూ అన్నారు. కాదు అక్కలారా. ఒక్క రాత్రి ఆగినందుకు పోయింది.

జ్వరం వస్తే ఏం చేయాలి

మీరు ఇంకేం మరిచిపోయినా ఇది మరిచిపోకండి.

కీమో నడుస్తున్న మనిషి ఇంట్లో థర్మామీటరు ఉండి తీరాలి. చెయ్యి పెట్టి చూస్తే లెక్క కాదు. 100.4 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 38 సెల్సియస్. అది వచ్చిందంటే అర్ధరాత్రి అయినా, పండుగ అయినా, ఆదివారం అయినా దవాఖానకు పోవాలి. పొద్దున చూద్దాం అనే మాట లేదు.

జ్వరం చూడకుండా మాత్ర వేసుకోవద్దు. మాత్ర జ్వరాన్ని దాచేస్తుంది, లోపలి క్రిమిని చంపదు. నేను చేసిన తప్పు అదే. తెల్ల కణాలు లేనప్పుడు చీము పట్టదు, వాపు రాదు, గొంతులో ఎరుపు కూడా సరిగా కనపడదు. పోరాడేవాళ్లే లేకపోతే గొడవ ఎక్కడ వినపడుతుంది? చాలాసార్లు జ్వరం ఒక్కటే గుర్తు. కొందరికి అదీ రాదు. వణుకు, తల తిరగడం, ఊపిరి ఆడకపోవడం, మూత్రంలో మంట, ఆగని విరేచనాలు, మాట తడబడటం, వీటిలో ఏది కనిపించినా పోవాల్సిందే.

దవాఖాన తలుపు దగ్గరే చెప్పాల్సిన మాట ఒకటుంది. "నాకు కీమో నడుస్తోంది, ఈ రోజు ఇన్నో రోజు, జ్వరం ఇంత ఉంది." ఈ మూడు చెప్పండి. లేకపోతే జ్వరం కేసుల వరసలో కూర్చోబెడతారు. ఫైలు వెంట ఉండాలి.

మనలో చాలామంది ముంబైకి పోతారు. మిల్లుల నడుమ పరేల్‌లో 1941లో మొదలైన టాటా మెమోరియల్ మన ముంబై తెలుగు మిల్లు కార్మికులకు పాత పరిచయమే. ఇక్కడి నుంచి రాత్రి సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, కీమో ఎక్కించుకుని, మళ్లీ అదే బండిలో తిరిగి వస్తారు. మరి పదో రోజు ఎక్కడ వస్తుంది? షోలాపూర్‌లో, మన ఇంట్లో. అప్పుడు ముంబై బండి కోసం ఆగకూడదు. ఊళ్లో ఏ దవాఖానలో రాత్రిపూట చేర్చుకుంటారో, యాంటీబయాటిక్ వెంటనే మొదలుపెడతారో మొదటి కీమోకు ముందే కనుక్కుని పెట్టుకోవాలి. ముంబై డాక్టరును అడిగి ఒక చీటీ కూడా రాయించుకోవాలి.

కాగితం చదవడం నేర్చుకుందాం

రక్తపరీక్షను సీబీసీ అంటారు. అందులో చూడాల్సినవి నాలుగే. దారం మీద కౌంటు చూసి చెప్పగలిగిన మనకు ఇది కష్టం కాదు.

హిమోగ్లోబిన్. ఆడవాళ్లకు 12 ఉండాలి. మొత్తం తెల్ల కణాలు. మామూలుగా 4000 నుంచి 11000. ప్లేట్‌లెట్లు. లక్షా యాభై వేల నుంచి నాలుగున్నర లక్షల దాకా. నాలుగోది కొన్ని కాగితాల మీద ఉండదు, మనమే లెక్క కట్టాలి. అది న్యూట్రోఫిల్స్ సంఖ్య. మొత్తం తెల్ల కణాలను న్యూట్రోఫిల్స్ శాతంతో గుణించండి. తెల్ల కణాలు 2000, న్యూట్రోఫిల్స్ నూటికి 20 అని ఉందనుకోండి. 2000లో నూటికి 20 అంటే 400. 1500 కంటే తక్కువైతే తగ్గినట్టు. 1000 కంటే తక్కువైతే బాగా తగ్గినట్టు. 500 కంటే తక్కువైతే ప్రమాదం. మొత్తం 2000 ఉన్నాయి కదా అని మురిసిపోతే మోసపోతాం.

కౌంటు రాకపోతే డాక్టరు కీమోను వారం వెనక్కి జరుపుతారు. దానికి కంగారు పడొద్దు. అలాగని మనమే "ఈసారి వద్దులే" అని ఎగ్గొట్టకూడదు. వాయిదా డాక్టరు లెక్క, ఎగ్గొట్టడం మన చేటు.

కౌంటు లేపడానికి ఒక సూదిమందు ఉంది. ఫిల్‌గ్రాస్టిమ్ అంటారు. మూలుగను తట్టి తెల్ల కణాలు తయారు చేయిస్తుంది. ఒకప్పుడు విదేశాల నుంచే వచ్చేది, బీదవాళ్లకు అందేది కాదు. 2001లో హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ కంపెనీ దాన్ని తయారుచేసి అమ్మడం మొదలుపెట్టింది. తర్వాత ఇంకొన్ని మన దేశం కంపెనీలూ వచ్చాయి. కీమో అయిన వెంటనే కాక, కనీసం 24 గంటల తర్వాత ఇస్తారు. అది వేసుకున్నాక నడుము, తొడ ఎముకలు నొప్పి పుడతాయి. మూలుగ పనిచేస్తోందని అర్థం. భయం లేదు. డాక్టరుకు చెప్పి, జ్వరం చూసుకున్నాకే నొప్పి మాత్ర వేసుకోవాలి.

ఆ సూదిమందును ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. గడ్డకట్టకూడదు. మా ఇంట్లో ఫ్రిజ్ లేదు. మా గల్లీలో కిరాణా దుకాణం వదిన తన ఫ్రిజ్‌లో పాల పాకెట్ల పక్కన పెట్టి, రోజుకొకటి ఇచ్చేది. ఫ్రీజర్‌లో పెట్టొద్దని రెండుసార్లు చెప్పాను. దవాఖాన నుంచి తెచ్చేటప్పుడు మంచు ముక్క సూదికి నేరుగా తగలకుండా గుడ్డ చుట్టి తెచ్చుకోవాలి.

ఎర్ర కణాలు, ప్లేట్‌లెట్లు

హిమోగ్లోబిన్ నెమ్మదిగా తగ్గుతుంది. మన ఆడవాళ్లలో చాలామందికి జబ్బుకు ముందే రక్తం తక్కువ. మెట్లు ఎక్కితే ఆయాసం, గుండె దడ, కాళ్లు లాగడం. "కీమో అంటే అంతే" అని ఊరుకోవద్దు, చెప్పండి. బీట్‌రూట్ తిన్నాం, దానిమ్మ తిన్నాం, ఇంకా పెరగలేదని కొందరు బాధపడతారు. తినండి, మంచిదే. కానీ కీమో వల్ల తగ్గిన రక్తం మూలుగ కోలుకుంటేనే పెరుగుతుంది. ఇనుము తక్కువగా ఉంటేనే ఇనుము మాత్ర పనిచేస్తుంది. అది కూడా పరీక్ష చేసి ఇస్తారు. మరీ తగ్గితే, సాధారణంగా 7, 8 దగ్గరకు వస్తే రక్తం ఎక్కిస్తారు. ఛాతీలో నొప్పి, కూర్చున్నా ఆయాసం ఉంటే పరీక్ష రోజు దాకా ఆగొద్దు.

ప్లేట్‌లెట్లు తగ్గితే ఒంటి మీద ఎర్రటి చిన్న చుక్కలు లేస్తాయి. కారణం లేకుండా నల్లగా కమిలిపోతుంది. పళ్లు తోముకుంటే రక్తం వస్తుంది. ముట్టు ఆగకుండా పోతుంది. మలం నల్లగా వస్తుంది. అప్పుడు మెత్తటి బ్రష్షు వాడాలి. వేపపుల్ల, బొగ్గుపొడి, మిశ్రీ కొన్నాళ్లు పక్కన పెట్టండి. మిశ్రీ ఎప్పటికీ పక్కన పెడితే ఇంకా మంచిది. ఒళ్లు నొప్పులని దుకాణంలో అమ్మే యాస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు డాక్టరును అడగకుండా వేసుకోవద్దు. అవి రక్తస్రావం పెంచుతాయి. గల్లీ డాక్టరు దగ్గరకు పోయి కండలో సూది వేయించుకోవద్దు. మలబద్ధకానికి ఎనిమా తీసుకోవద్దు. రక్తం ఆగకపోయినా, తలనొప్పితో పాటు చూపు మసకబారినా వెంటనే పోవాలి.

బొప్పాయి ఆకు రసం తాగమని, ఫలానా చూర్ణం తినమని చెప్పేవాళ్లు బోలెడు. వాళ్లు ప్రేమతోనే చెబుతారు. కానీ తెల్ల కణాలను పెంచే తిండి అంటూ ఏదీ లేదు. తెలియని మందు లివరును దెబ్బతీస్తే కీమోయే ఆగిపోతుంది. ఏదైనా తీసుకోవాలనుకుంటే డాక్టరుకు చూపించి తీసుకోండి.

తిండి, శుభ్రత

జొన్నరొట్టె, పప్పు, బాగా ఉడికిన కూర, పూర్తిగా ఉడికిన గుడ్డు, పూర్తిగా ఉడికిన మాంసం. వండగానే తినాలి. రాత్రిది పొద్దున వద్దు. రొట్టెలో పచ్చి ఉల్లిగడ్డ నంజుకోవడం మనకు అలవాటు. కౌంటు తక్కువున్న రోజుల్లో మానుకోండి. పండ్లు బాగా కడిగి, తొక్క తీసేవి తినండి. నీళ్లు కాచి చల్లార్చి తాగండి. మన పేటలో నీళ్లు కొన్ని రోజులకొకసారి వస్తాయి, డ్రమ్ముల్లో నిలవ ఉంటాయి. ఆ నీళ్లు కాచకుండా నోట్లో పోయొద్దు. బండి మీది చెరకు రసం, మిల్లు గేటు దగ్గరి భేల్ అసలు వద్దు.

చేతులు సబ్బుతో కడగడం అన్నిటికంటే పెద్ద మందు. మీరే కాదు, ఇంట్లో అందరూ కడగాలి. నోరు పూయకుండా రోజుకు నాలుగైదు సార్లు ఉప్పు, సోడా కలిపిన గోరువెచ్చని నీళ్లతో పుక్కిలించాలి. జలుబు, అమ్మవారు ఉన్న పిల్లలు దగ్గరికి రాకూడదు.

శ్రావణ పౌర్ణమికి మార్కండేయ రథం మన పేటలో తిరుగుతుంది. ఆ ఏడు రథం నాటికి నేను దవాఖాన నుంచి వచ్చి మూడు రోజులే. జనంలోకి పోకుండా మేడ మీది కిటికీలోంచి దండం పెట్టుకున్నాను. "దేవుడి దగ్గరికి రావడానికి కూడా భయమేనా?" అని ఒక పెద్దమ్మ అన్నది. దేవుడికి నా కౌంటు తెలుసు పెద్దమ్మా అన్నాను.

పత్తి దుమ్ము మాట కూడా చెప్పాలి. కౌంటు పడిపోయిన రోజుల్లో బ్లోరూము, కార్డింగు పని చేయకూడదు. ఆ దుమ్ములో బూజు కూడా ఉంటుంది. ఇది మనం మేనేజ్‌మెంటును అడిగి సాధించాల్సిన విషయం.

చికిత్స అయిపోయాక

చివరి కీమో అయిందని మిఠాయి పంచుతాం. తెల్ల కణాలు మూడు నాలుగు వారాల్లో చాలామందికి సర్దుకుంటాయి. హిమోగ్లోబిన్ కోలుకోవడానికి నెలలు పడుతుంది. కొందరికి తెల్ల కణాలు పాత లెక్క కంటే కొంచెం తక్కువగానే ఏళ్ల తరబడి ఉండిపోతాయి. మాటిమాటికీ జబ్బు చేయకపోతే దాంతో పెద్ద ఇబ్బంది లేదు. కొందరికి తర్వాత కూడా మాత్రలు నడుస్తాయి. పాల్బోసిక్లిబ్ లాంటి కొన్ని మాత్రలు న్యూట్రోఫిల్స్‌ను తగ్గిస్తాయి. అవి వాడేవాళ్లు చెప్పిన తేదీకి పరీక్ష చేయించుకుని తీరాలి.

కౌంటు పెరగకుండా ఉండిపోయినా, బాగుపడ్డాక మళ్లీ పడిపోయినా డాక్టరుకు చూపించాలి. ఇనుము, బీ12 లోపం కావచ్చు, థైరాయిడ్ కావచ్చు. చాలా అరుదుగా కొన్నేళ్ల తర్వాత మూలుగకే జబ్బు రావచ్చు. అందుకే ఫైలు పారేయకండి. నా పాత కాగితాలన్నీ బియ్యం డబ్బా మీద సంచిలో భద్రంగా ఉన్నాయి.

పనిలోకి పోవడానికి తొందర పడొద్దు. నేను తొందరపడ్డాను. హిమోగ్లోబిన్ 9 ఉండగానే పోయాను. రెండో గంటకు మెషిను పట్టుకుని కూర్చుండిపోయాను. పక్కనున్న చెల్లెళ్లు నా కోన్లు వాళ్లే నడిపారు. ఆ రోజు నా పగారు పోలేదు, కానీ వాళ్లకు ఎంత భారమైందో నాకు తెలుసు.

పగారు, సెలవు

జ్వరంతో ఆ రాత్రి నేను ఎందుకు ఆగాను? దవాఖానలో చేరితే ఖర్చు, హాజరు పోతుంది, మస్టరులో పేరు పోతుంది అని కూడా ఆగాను. అనుకున్నట్టే గైరుహాజరు అని నా పేరు కొట్టేశారు. అప్పుడు మన యూనియన్ అన్నలు ఈఎస్ఐ సర్టిఫికెట్లు పట్టుకుని పోయారు. అనారోగ్య భృతి తీసుకుంటున్న కాలంలో కార్మికుణ్ణి తీసేయకూడదని అప్పట్లో అమల్లో ఉన్న 1948 ఈఎస్ఐ చట్టం 73వ సెక్షన్‌లో ఉండేది. ఆ సెక్షన్ చూపించాకే పేరు మళ్లీ ఎక్కింది.

ఈఎస్ఐలో మామూలు అనారోగ్య భృతి కూలిలో నూటికి 70 వంతు, ఏడాదికి 91 రోజులు. అది అయిపోయాక అంతా అయిపోయిందని అనుకోవద్దు. దీర్ఘకాలిక జబ్బుల జాబితాలో క్యాన్సర్ ఉంది. రెండేళ్ల సర్వీసు, తగినన్ని రోజుల చందా ఉంటే నూటికి 80 వంతు చొప్పున రెండేళ్ల దాకా పొడిగించిన భృతి వస్తుంది. 2025 నవంబరు 21 నుంచి కొత్త సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. ఈఎస్ఐ మాత్రం ఉంది. కొత్త చట్టం వచ్చింది, నీకు రాదు అని ఎవరైనా తిప్పి పంపితే, ఆ మాటే కాగితం మీద రాసి ఇమ్మనండి. తర్వాత యూనియన్ ఆఫీసుకు రండి.

ఈఎస్ఐ లేని సాంచాల వాళ్లకు, ఇంట్లో బీడీలు చుట్టే అక్కలకు ఆయుష్మాన్ భారత్, మహారాష్ట్రలోని మహాత్మా జ్యోతిబా ఫులే జన ఆరోగ్య యోజన ఉన్నాయి. జబ్బు పడ్డాక పరుగులు పెట్టకుండా కార్డులు ముందే చేయించుకోండి.

మనం చేయగలిగింది

చివరగా మూడు మాటలు అడుగుతాను.

ఒకటి, జ్వరం చీటీ. 100.4 డిగ్రీలు, ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు, మాత్రతో ఆపొద్దు, వెంటనే దవాఖాన. ఇంతే. తెలుగులో, మరాఠీలో, కన్నడంలో, ఉర్దూలో అచ్చు వేయించి మన సభ్యుల ఇళ్లకు పంచాలి. దాంతోపాటు యూనియన్ ఆఫీసులో నాలుగు థర్మామీటర్లు ఉంచాలి. కీమో నడుస్తున్నవాళ్లు తీసుకుపోయి, అయ్యాక తిరిగి ఇస్తారు.

రెండు, రక్తదాతల పట్టిక. ఇది వెనక నిలబడ్డ అన్నదమ్ముల కోసం చెబుతున్నాను. ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి నిలవ ఉండవు. అంటే అవసరానికి మనిషి సిద్ధంగా ఉండాలి. రక్తం అమ్ముకోవడాన్ని సుప్రీం కోర్టు 1996 తీర్పుతో 1998 నుంచి ఆపించింది. కాబట్టి కొనేది లేదు, ఇచ్చేవాళ్లే దిక్కు. 18 ఏళ్లు నిండి, 45 కిలోలు దాటి, ఆరోగ్యంగా ఉంటే ఇవ్వొచ్చు. మగవాళ్లు మూడు నెలలకొకసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకొకసారి. సాంచాల మీద పన్నెండు గంటలు నిలబడే మనిషి రక్తం ఇస్తే నీరసపడిపోతాడని మన పేటలో ఒక భయం ఉంది. పనిలేని రోజున ఇచ్చి, నీళ్లు బాగా తాగి, ఆ రోజంతా విశ్రాంతి తీసుకుంటే ఏమీ కాదు. పేర్లు, రక్తం గ్రూపులు రాసుకోవడానికి బయట బల్ల మీద పుస్తకం పెట్టాం.

మూడు, పదో రోజు తోడు. దీనికి పైసా ఖర్చు లేదు. మన ఖాతాలో ఎవరికి కీమో నడుస్తోందో, ఎన్నో రోజో గుర్తుపెట్టుకోండి. ఏడో రోజు నుంచి రోజూ ఒకరు పోయి తలుపు తట్టండి. "అక్కా, జ్వరం చూసుకున్నావా?" అని అడగండి. నన్ను ఆ మాట అడిగిన చెల్లెలు డాక్టరు కాదు. ఎనిమిదో తరగతి చదివిన కోన్ వైండరు. ఇదిగో, మూడో వరసలో కూర్చుని, పేరు చెప్పొద్దని సైగ చేస్తోంది. చెప్పను లే.

రీలింగ్ ఖాతా అక్క తలుపు ఆ రాత్రి ఎవరూ తట్టలేదు. అందులో నేనూ ఉన్నాను. ఆ జబ్బు నాకు అప్పటికి రాలేదు కాబట్టి నాకు తెలియదు. ఇప్పుడు మనకు తెలుసు. ఇక మీదట తెలియదనడానికి లేదు.

 పోయేటప్పుడు పుస్తకంలో పేరు రాసి పోండి.